బాస్కోకి ఒక్క పిట్ట

క్లియర్ ఫోర్క్, సౌత్ డకోటా
29 ఆగస్టు 1994

మావయ్య గారికి,

ఫోన్లో నేనొకటి చెబితే మీరొకటి వింటున్నారు. మొన్న "బాస్కోకి బాలేదు" అంటే "బస్సు బాగా లేటా?" అన్నారు. అందుకే రాస్తున్నాను.

బాస్కోకి పొట్టలో గడ్డ ఉందిట. పశువుల డాక్టరు చేత్తో తడిమి చూసి, కోసినా లాభం లేదన్నాడు. క్రిస్మస్ చూస్తే గొప్పేనట. పదకొండేళ్ళ కుక్క కదా. మీ అబ్బాయి పోయిన ఈ రెండున్నరేళ్ళలో వాడు వేటకి వెళ్ళలేదు. అక్టోబరు వస్తే చాలు, తలుపు దగ్గర డీన్ బూట్ల పక్కన కూర్చుంటాడు. పిలిచినా రాడు.

వాడు పోయేలోపు ఒక్క ఫెజంటు అడవికోడి పుంజుని వాడి నోటికి అందించాలి. ఒక్కటి చాలు. అందుకని తుపాకీ కొంటాను. నేనెప్పుడూ పేల్చలేదని మీకు తెలుసు. డీన్ తుపాకీ మీరు పట్టుకెళ్ళారు, దాన్ని అడగటం లేదు. మొదటిసారి కొనేవాళ్ళకి ముందు పిడి లాగి తోసే పంపు తుపాకీ మంచిదని పక్క పొలం లెన్నీ అన్నాడు. కొట్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు తుపాకీలమ్మిన మిమ్మల్ని కాక ఇంకెవర్ని అడగను? ఏది కొనమంటారు? సీజను అక్టోబరు పదిహేనున మొదలు.

బడి తెరిచారు. మూడొందల మంది పిల్లలకి నూడుల్స్ వండి చేతులు పీకుతున్నాయి.

మార్లా


ముసలివాళ్ళ హోమ్, నార్‌గార్డ్, మిన్నెసోటా
8 సెప్టెంబరు 1994

మార్లా అమ్మాయికి మావయ్య దీవెనలు.

ఇక్కడ అందరికీ కోడళ్ళ దగ్గర్నించి పూలబొమ్మల కార్డులొస్తాయి. నాకు మాత్రం ఏ తుపాకీ కొనమంటారని ఉత్తరం వచ్చింది. భోజనాల బల్ల దగ్గర నాలుగు రోజులు దాని మీదే బతికాను. ఎదురుగా కూర్చునే ముసలాయన కళ్ళలో అసూయ చూడాల్సింది నువ్వు.

బాస్కో సంగతి విని మనసు చివుక్కుమంది. వాడు పిల్లగా ఉన్నప్పుడు నా చెప్పు ఒకటి నమిలాడు. రెండోది ఇప్పటికీ నా దగ్గరుంది.

ఇక తుపాకీ ఎంపిక. అది పెళ్ళిచూపుల్లాంటిది కాదమ్మాయ్, దానికంటే కష్టం. యాభయ్యేడులో మా పాస్టరు ట్వైట్ గారు కొట్టుకొచ్చారు. మూడు శనివారాలు వరసగా వచ్చి, పదకొండు పంపు తుపాకీలు ఒక్కొక్కటీ భుజానికి పెట్టి అద్దంలో చూసుకున్నారు. ఒకటి బరువన్నారు. ఒకటి తేలికన్నారు. ఒకదాని కర్ర రంగు చర్చిలో ప్రసంగం బల్లకి నప్పలేదన్నారు. నాలుగో శనివారం భార్యని వెంటబెట్టుకొచ్చారు. ఆవిడ చేతిసంచి నా కౌంటరు మీద పెట్టి, వరసలో ఉన్న ఒకదాన్ని తీసి, ముందు పిడిని వెనక్కి ముందుకి చకచక్‌మని ఆడించి, "ఇదీ" అని బయటికి నడిచింది. ముప్ఫయ్యేళ్ళు ఆవిడ కొట్టేది, ఆయన ఈకలు పీకేవారు. ఆ ఊళ్ళో అంత అన్యోన్యమైన జంటని నేను చూడలేదు.

ఇదంతా ఎందుకంటే, తొందరపడకు. ముందు లెన్నీనే బాస్కోని తీసుకెళ్ళమను. కుక్కకి పిట్ట కావాలి గానీ, ఎవరు కొడితే దానికేం?

వేళకి తింటున్నావా? నిద్ర పడుతోందా? అది రాయి.

మీ మావయ్య,
ఓర్విల్


క్లియర్ ఫోర్క్
15 సెప్టెంబరు 1994

మావయ్యా,

పాస్టరు గారి భార్య కథ లెన్నీకి చదివి వినిపించాను. పడీ పడీ నవ్వాడు. కానీ ఆవిడ తీసుకున్న తుపాకీ ఏదో మీరు రాయలేదు!

లెన్నీ సంగతి. అలవాటవుతుందని ముందే ఒకసారి బాస్కోని వాళ్ళ ట్రక్కు ఎక్కించాడు. గేటు దాటకుండానే దూకేసి, కుంటుకుంటూ వచ్చి మళ్ళీ బూట్ల పక్కన కూలబడ్డాడు. "మీ వాడికి నా బూట్లూ నచ్చలేదు, నేనూ నచ్చలేదు" అన్నాడు లెన్నీ. ఆ తర్వాత నేను డీన్ వేట కోటు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాను, ఊరికే, చూద్దామని. లేచాడు మావయ్యా. తోక నేలకేసి కొట్టుకుంటూ నా మోకాళ్ళు వాసన చూశాడు. వాడికి పిట్ట ఈ ఇంటి చేతిలోంచే పడాలి. అదీ సంగతి.

పన్నెండు గేజా, ఇరవై గేజా? ఏ కంపెనీది? ఆ రెండూ రాస్తే చాలు.

నిద్ర బానే పడుతోంది. ఎందుకడిగారు?

మార్లా


నార్‌గార్డ్
27 సెప్టెంబరు 1994

అమ్మాయ్ మార్లా,

జవాబు ఆలస్యమైంది. ఇక్కడ పాదాల డాక్టరు వచ్చి మా అందరి గోళ్ళూ తీశాడు. ఆ వేడుకతో వారం గడిచింది.

గేజి అనేది తిరకాసు లెక్క. అంకె పెద్దదైతే గొట్టం చిన్నది. పన్నెండు లావు, ఇరవై సన్నం. కొత్తగా చేరిన గుమాస్తా ఎవడైనా దీన్ని తిరగేసి చెప్పి పరువు పోగొట్టుకోవాల్సిందే. ఇరవై గేజి తూటాలు పచ్చగా, అరటిపండు రంగులో చేస్తారు, ఎందుకో తెలుసా? పొరపాటున పన్నెండు గొట్టంలో వేస్తే అది జారి మధ్యలో ఇరుక్కుంటుంది. చూడకుండా వెనకాల ఇంకోటి పేలిస్తే గొట్టమే చీలిపోతుంది. మా ఇంగా, మీ అత్తయ్య, ఒకసారి ఆ పచ్చ తూటాలు డబ్బాలో చూసి, పిల్లల బొమ్మలనుకుని క్రిస్మస్ చెట్టుకి కట్టింది. నేను సాయంత్రం ఇంటికొచ్చి చూసేసరికి చెట్టు కింద కొవ్వొత్తులు! ఆ ఏడు నేను చేసినంత మెల్లగా ఇంకే క్రిస్మస్ ప్రార్థనా ఎవరూ చేసి ఉండరు.

ఇంకో మాట. ట్రిగ్గరు వెనక అడ్డంగా సేఫ్టీ అని ఒక బొత్తం ఉంటుంది. కుడి చూపుడువేలితో ఇటు నుంచి అటు నొక్కితే గాని తుపాకీ పేలదు. ఆ వేలికి అలవాటు కావడానికే నెలలు పడుతుంది. అందుకని నా సలహా అడిగితే, ఈ ఏడు వదిలెయ్. వసంతం రానీ, నా కళ్ళు తేటపడతాయి, మంచు కరిగి రోడ్లు తెరుస్తారు, నేనే వచ్చి దగ్గరుండి ఎంపిక చేస్తాను.

చర్చికి వెళ్తున్నావా? ఎవరితోనైనా మాట్లాడుతున్నావా?

మీ మావయ్య


క్లియర్ ఫోర్క్
4 అక్టోబరు 1994

మావయ్య గారికి,

బాస్కోకి వసంతం లేదు. మొదటి ఉత్తరంలోనే రాశాను.

నాది ఎడమచేతి వాటం. తొమ్మిదేళ్ళు మీ పక్కనే కూర్చుని క్రిస్మస్ భోజనం చేశాను. కుడి చూపుడువేలితో నొక్కమని రాశారు. చదివి కాసేపు నవ్వుకున్నాను, తర్వాత నవ్వు రాలేదు.

మీ మనసులో ఏముందో నాకు అర్థమైందిలెండి. అంత్యక్రియలైన మర్నాడే డీన్ తుపాకీని గోడ మీంచి దించి, దుప్పట్లో చుట్టి, నాతో ఒక్క మాటైనా అనకుండా పట్టుకెళ్ళారు. మీ అబ్బాయి వస్తువు మీది. మీ అబ్బాయి కుక్క కూడా మీ ఇంటిదే అనుకుంటున్నారేమో. వంటగది మనిషికి ఇవన్నీ ఎందుకనుకుంటున్నారేమో. అలాగైతే అలాగని రాయండి. పాస్టర్ల కథలొద్దు.

లెన్నీ పట్నం వెళ్తే ఏదో ఒకటి తెమ్మంటాను.

మార్లా


నార్‌గార్డ్
12 అక్టోబరు 1994

మార్లా,

నీ ఎడమ మోచెయ్యి తొమ్మిది క్రిస్మస్‌లు నా డొక్కలో పొడిచింది. ఆ అమ్మాయికి నేనంటే పడదు కాబోలని ఇంగాతో అనేవాణ్ణి. "నీకు పక్కవాళ్ళ మీద కళ్ళెక్కడుంటాయి?" అనేది ఆవిడ. ఆవిడకి తెలిసే ఉంటుంది. నాకు చెప్పలేదు. క్షమించు.

తుపాకీ సంగతి నువ్వనుకున్నది కాదు. ఇది రాయడానికి మూడు కాగితాలు చించాను.

అంత్యక్రియల రోజు చర్చి నేలమాళిగలో కాఫీ పోస్తూ నువ్వొక మాటన్నావు. నాతో కాదు, గిన్నెలు కడుగుతున్న ఆవిడతో. "ఇంక పొద్దున్నే లేవడం దేనికో నాకర్థం కావటంలేదు" అన్నావు. అప్పటికి నా కుడి చెవి ఇంకా కొంచెం పనిచేస్తోంది. మర్నాడు తుపాకీ దించాను.

నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు తుపాకీలమ్మాను. కొనేవాడు వంద ప్రశ్నలడుగుతాడు, బేరమాడతాడు, పెళ్ళానికి అబద్ధం చెప్పమంటాడు. ఇద్దరు మాత్రం ఏమీ అడగలేదు. ఏదో ఒకటివ్వమన్నారు. ఇచ్చాను. ఆ ఇద్దరి శవపేటికలూ నేనే ఒక పక్క భుజం పట్టి మోశాను. ఆ సంగతి కొట్లో ఎవరితోనూ అనలేదు, ఇంగాతో కూడా.

ఎప్పుడూ తుపాకీ ముట్టని నువ్వు, ఒంటరిగా ఉండే ఇంట్లోకి ఒకటి కావాలంటే, కుక్క కోసమని రాస్తే, నేను నమ్మలేదు. అందుకే అంత పొడుగు ఉత్తరాలు. నేను రాస్తూ ఉంటే నువ్వు జవాబులు రాస్తూ ఉంటావు, చలికాలం దాటిపోతుందనుకున్నాను.

ఇప్పుడు నువ్వు "ఏదో ఒకటి" అన్నావు. నిజం చెప్పు అమ్మాయ్.

ఓర్విల్


క్లియర్ ఫోర్క్
18 అక్టోబరు 1994

మావయ్యా,

మీ ఉత్తరం చదివి బడిలో ఉల్లిపాయలు తరిగే పని అడిగి మరీ తీసుకున్నాను, ఎవరూ ఏమీ అడగకుండా.

ఆ ఫిబ్రవరిలో మీరు చేసింది సరైన పనే. ఇన్నాళ్ళూ మిమ్మల్ని తిట్టుకున్నాను.

ఇప్పుడడుగుతున్నది మాత్రం బాస్కో కోసమే. నన్ను పొద్దున్నే లేపింది వాడు. తిండి కోసం చెయ్యి నాకేవాడు, తలుపు గీకేవాడు. లేచి తలుపు తియ్యక తప్పేది కాదు. అలా రెండున్నరేళ్ళు గడిచాయి. ఆ బాకీ తీర్చుకోనివ్వండి.

సీజను మొదలై మూడు రోజులైంది. చుట్టూ పొలాల్లో కాల్పులు వినపడినప్పుడల్లా వాడు లేచి నన్ను చూస్తాడు. రోజుకి ఓ రెండు గంటలు బావుంటాడు, తర్వాత పడుకుంటాడు. ఏది కొనాలి?

మార్లా


నార్‌గార్డ్
21 అక్టోబరు 1994

మార్లా,

నమ్మాను. జవాబు ఇదిగో.

ఇథాకా 37, ఇరవై గేజి. మిగతావాటిలో చాలామటుకు ఖాళీ తూటా కుడిపక్కకి ఎగురుతుంది. ఎడమచేతి వాళ్ళకి అది మొహం ముందు నుంచి పోతుంది. దీన్లో తూటా ఎక్కేదీ దిగేదీ కిందనుంచే, అందుకని ఏ చెయ్యైనా ఒకటే. గొట్టం ఇరవయ్యారు అంగుళాలు చాలు. సేఫ్టీ బొత్తాన్ని ఎడమచేతికి తిప్పి బిగించమను, ఏ తుపాకుల మేస్త్రీ అయినా చేస్తాడు.

తీసుకునేముందు ఒక పని చెయ్యి. కళ్ళు మూసుకో. తుపాకీ భుజానికి పెట్టి చెంప ఆన్చు. కళ్ళు తెరు. గొట్టం చివర చిన్న పూస తిన్నగా కనపడితే ఆ తుపాకీ నీది. గొట్టం పైభాగమంతా పొడుగ్గా కనపడినా, అసలేం కనపడకపోయినా, భుజానికానే కర్ర నీకు నప్పలేదన్నమాట. నీ చెయ్యి పొట్టి, కర్ర ఒక అంగుళం కోయించాలి. (నీ చెయ్యి పొట్టని నా డొక్కకి తెలుసు.)

వాటర్‌టౌన్ రోడ్డులో నా పాత స్నేహితుడు వర్జిల్ ఉన్నాడు, తుపాకుల మేస్త్రీ. నత్త కంటే నెమ్మది, కానీ చేసిన పని చెదరదు. ఈరోజే వాడికీ రాస్తున్నాను. వాళ్ళ నాన్న గుర్రానికి డాడీ అని పేరు పెట్టిన కథ ఒకటుంది. పిట్ట కొట్టాక చెబుతాను.

పుంజునే కొట్టాలి, పెట్టని కాదు. మెడ చుట్టూ తెల్లపట్టీ చూసుకో. రెక్కలు కాదు, తల చూసి కొట్టు. బాస్కోని నా తరఫున గోకు, ఎడమ చెవి వెనకాల.

మీ మావయ్య


క్లియర్ ఫోర్క్
27 నవంబరు 1994

మావయ్యా,

వర్జిల్ గారు నత్త కంటే నెమ్మదనే మాట మీరు ముద్దుకి రాశారనుకున్నాను. పాతది, మంచిది దొరకాలని రెండు వారాలు వెతికారు, కర్ర కోయడానికి ఇంకో రెండు. "ఓర్విల్ కోడలి చేతికి మొద్దు తుపాకీ ఇస్తే వాడు సమాధిలోంచి లేచొస్తాడు" అన్నారు. మీరు బతికే ఉన్నారని చెప్పాను. "అయితే ఇంకా తొందరగా వస్తాడు" అన్నారు.

మొన్న శుక్రవారం తెచ్చాను. కళ్ళు మూసి తెరిస్తే పూస తిన్నగా కనపడింది. కొట్టు మధ్యలో నిలబడి ఏడ్చాను. ఆయన ఇంకో తుపాకీ గొట్టం తుడుచుకుంటూ అటు తిరిగారు.

ఈ రెండు రోజులూ కొట్టం వెనక డబ్బాలు పెట్టి పేల్చాను. ఒక్కో తూటా వేసి, పేల్చి, దించి, మళ్ళీ ఇంకోటి. ఇరవైలో తొమ్మిది డబ్బాలు. లెన్నీ ఈల వేశాడు.

బాస్కో మాత్రం బాగా నీరసించిపోయాడు. చేత్తో పెడితే గాని తినటం లేదు. వారమంతా మంచు తుఫానన్నారు. సీజను డిసెంబరు పదకొండు ఆదివారంతో సరి.

మార్లా


క్లియర్ ఫోర్క్
13 డిసెంబరు 1994

మావయ్యా,

ఆఖరి రోజు తెరిపిచ్చింది. మధ్యాహ్నం బాస్కోని మంచు మీద జారే పిల్లల స్లెడ్జి మీద దుప్పటేసి కూర్చోబెట్టి, ఇంటి వెనక మడుగు దాకా లాక్కెళ్ళాను. జమ్ము గడ్డి వాసన తగలగానే వాడంతట వాడే దిగాడు. నమ్మండి. ముక్కు నేలకానించి నడిచాడు, నాలుగడుగులు వేస్తాడు, ఆగుతాడు, మళ్ళీ. వాడు డీన్‌తో వేటకి వెళ్ళినప్పుడు నేనెప్పుడూ చూడలేదు, అది వేరే కుక్క మావయ్యా, నా వంటగది కుక్క కాదు.

ఒకచోట బిగుసుకుపోయాడు. తోక కూడా ఆగింది. నన్నొకసారి తిరిగి చూసి, దూకాడు.

పుంజు లేచింది. తెల్లపట్టీ చూశాను. సేఫ్టీ నొక్కాను. అన్నీ మీరు రాసినట్టే. పేల్చాను, తప్పింది. కానీ అది బెదిరి దూరంగా పోకుండా గాలికి ఎదురెక్కి నా ముందు నుంచే మెల్లగా వెళ్ళింది, పెద్ద తలుపంత కనపడింది. ముందు పిడి లాగాను, తోశాను, ట్రిగ్గరు నొక్కాను. టిక్ మంది. అంతే. మళ్ళీ లాగేసరికి అది లెన్నీ చేను దాటింది.

నా చేతికి కొత్త వస్తువు, విరుగుతుందేమోనని మెల్లగా సగమే లాగానట. పాత ఖాళీ తూటా లోపలే ఉండిపోయిందట. లెన్నీ తర్వాత చెప్పాడు. డబ్బాల దగ్గర ఒక్కొక్కటే వేసుకున్నాను కదా, తొందర్లో ఎంత గట్టిగా లాగాలో చేతికి తెలీదు.

అది కూడా పర్వాలేదు మావయ్యా. బాస్కో వెతకడం మొదలుపెట్టాడు. తుపాకీ మోగింది కాబట్టి పిట్ట పడే ఉంటుందని వాడి లెక్క. డీన్ ఎప్పుడూ తప్పేవాడు కాదు. జమ్ములోకి దూరాడు, మంచులో గుండె దాకా దిగి, వెనక్కొచ్చి, మళ్ళీ దూరాడు. "లేదురా, రారా, తప్పు నాదిరా" అని అరిచాను. వాడు నా వైపు చూడను కూడా చూడలేదు. నలభై నిమిషాలు వెతికాడు. చివరికి అక్కడే పడుకున్నాడు, ముక్కు మాత్రం ఇంకా కదుపుతూనే. ఎత్తుకుని తెచ్చాను. పోయినేడాది అయితే ఎత్తలేకపోయేదాన్ని.

ఇప్పుడు స్టవ్ పక్కన ఉన్నాడు. నిద్రలో కాళ్ళాడిస్తున్నాడు. ఇంకా వెతుకుతున్నట్టున్నాడు.

మార్లా


నార్‌గార్డ్
17 డిసెంబరు 1994

మార్లా,

ఆ మాట నేను చెప్పాల్సింది. "సగం లాగొద్దు, కోపం వచ్చినట్టు లాగు." కొట్లో కొన్న ప్రతివాడికీ, తలుపు దాటేలోపు చెప్పేవాణ్ణి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కడికీ మర్చిపోలేదు. నీకు పాస్టరు కథ రాశాను, క్రిస్మస్ చెట్టు కథ రాశాను, వర్జిల్ వాళ్ళ నాన్న గుర్రం గురించి కూడా మొదలుపెట్టాను. ఆ ఒక్క ముక్క రాయలేదు.

నీ మొదటి ఉత్తరానికే ఇవన్నీ రాసి ఉంటే నీకు ఇంకో నెలన్నర ఉండేది. నిన్ను కాపాడుతున్నానని ఆ నెలన్నరా నేనే తినేశాను.

బాస్కో ఎలా ఉన్నాడు? రాయి.

ఓర్విల్


క్లియర్ ఫోర్క్
30 డిసెంబరు 1994

మావయ్యా,

ఇరవై రెండో తారీకున పోయాడు. నేల గడ్డకట్టింది, గునపం దిగలేదు. లెన్నీ కొట్టంలో గోనెసంచిలో చుట్టి పెట్టాడు, మంచు కరిగాక పాతుతానన్నాడు.

మీ తప్పేం లేదు. అది రాయడానికి కూర్చోలేదు.

బడికి సెలవులు. పొద్దున్న తలుపు గీకేవాళ్ళు లేరు. నిన్న మధ్యాహ్నం రెండింటిదాకా లేవలేదు. మొన్న కూడా.

తుపాకీ హాల్లో, డీన్‌ది ఉండే మేకులకే ఉంది. వంటగదిలోంచి కనపడుతుంది. అటువైపు వెళ్ళకుండా తిరుగుతున్నాను. మీరొకసారి దుప్పటి పట్టుకుని రాగలరా?

మార్లా


నార్‌గార్డ్
3 జనవరి 1995

మార్లా తల్లీ,

అడిగావు. అది చాలు, మిగతాది నేను చూస్తాను.

ఈ ఉత్తరం నీకు చేరేసరికి అంతా జరిగిపోయి ఉంటుంది. నీ ఉత్తరం చేతిలో ఉండగానే నర్సమ్మ చేత లెన్నీకి ఫోను చేయించాను. తుపాకీ, తూటాలు వాడు పట్టుకెళ్ళాడట. వాళ్ళావిడ వారం రోజులు నీ దగ్గర పడుకుంటుందిట. వద్దనకు. మీ ఊరి డాక్టరమ్మకి కూడా చెప్పించాను. ఆవిడ ఏమడిగినా దాచకుండా చెప్పు.

నేను రాలేకపోతున్నాను. రోడ్లు మూసేశారు, బస్సులు ఎప్పుడు కదులుతాయో ఎవరికీ తెలీదు. ఎనభయ్యొక్క ఏళ్ళవాణ్ణి ఎక్కించుకునేవాడూ లేడు. పొద్దున్నించీ కోటు వేసుకుని ముందు గదిలో కూర్చున్నాను. నర్సమ్మ రెండుసార్లు విప్పించింది.

ఓ పని చెయ్యి. రోజూ పొద్దున ఏడింటికి నాకు ఫోను చెయ్యి. నువ్వేమన్నా నాకు వినపడదు, నీకూ తెలుసు. మాట్లాడక్కర్లేదు. పోయిన నెలలో నా మంచం పక్కన ఒక దీపం బిగించారు, ఫోను మోగితే అది వెలుగుతుంది. ఆరున్నర నుంచీ దానివైపే చూస్తూ కూర్చుంటాను. వెలిగితే నువ్వు లేచావని నాకు తెలుస్తుంది.

మావయ్య